‘పిండి పట్టినంత’ అంటే ఎంత? చెక్ కొలాచీల గురించి ఒక వివరమైన జవాబు

మీ వారి అమ్మమ్మగారు చేతిరాతతో ఉంచి వెళ్లిన చీటీని దగ్గర పెట్టుకుని మూడుసార్లు కొలాచీలు (మధ్యలో పండ్ల ముద్ద పెట్టి కాల్చే గుండ్రని తియ్యని చెక్ బన్నులు) చేశారని, మూడుసార్లూ అవి పొద్దున మెత్తగా ఉండి సాయంత్రానికి రస్కుల్లా గట్టిపడ్డాయని, ఒకసారి పండ్ల ముద్ద పొంగి ట్రే అంతా పాకంలా అంటుకుపోయిందని రాశారు. ఆ చీటీలో కొలతలుగా ఉన్నదల్లా ఒక క్వార్ట్ (లీటరుకు కొంచెం తక్కువ) పాలు, ఒక కప్పు పందికొవ్వు, ఒక కప్పు చక్కెర, ఆరు పచ్చసొనలు, ఒక ఈస్ట్ కేక్ (అచ్చు కట్టిన తడి ఈస్ట్ బిళ్ల), ఉప్పు, ‘పిండి పట్టినంత’, ‘వేడి ఓవెన్’ అనే మాటలేనని, అక్టోబరులో జరిగే కుటుంబ సమావేశానికి ఆ రుచినే మళ్లీ అందరికీ అందించాలని ఉందని కూడా చెప్పారు. మీరు అడిగిన నాలుగు సంగతులకూ, అంటే మైదా ఎంత, ఈస్ట్ ఎంత, పండ్ల ముద్ద ఎందుకు పొంగింది, గట్టిపడకుండా ఏం చేయాలి అన్నవాటికి, నాకు తెలిసినంతవరకు వివరంగా జవాబు రాస్తున్నాను.

నేను 26 ఏళ్ల క్రితం పెళ్లి చేసుకుని టెక్సస్‌లోని ఫాయెట్ కౌంటీకి వచ్చాను. మా అత్తగారి పూర్వీకులు చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలోని వలాషియా కొండ ప్రాంతం నుంచి వలస వచ్చిన రైతులు. ఆవిడ ప్రతి శనివారం ఉదయం, ఆదివారం చర్చికి వెళ్లి వచ్చాక తినడానికి, ఐదారు డజన్ల కొలాచీలు కాల్చేవారు. దాదాపు పద్నాలుగేళ్లు ఆ శనివారాల్లో ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆ పని నాదయింది. కాబట్టి మీ చీటీలో ఉన్న ఒక్కొక్క మాట చూస్తుంటే నాకు తెలిసిన చేతిరాత చూసినట్టే ఉంది.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇది: మీ కొలాచీలు గట్టిపడడానికి కారణం మైదా ఎక్కువ కావడమే. మీరు ‘పిండిముద్ద చేతికి అంటుకోకుండా వచ్చేవరకు మైదా కలుపుతూ పోయాను’ అని రాశారు. మనం చపాతీ పిండి కలిపి పెరిగినవాళ్లం కాబట్టి ముద్ద చేతిని వదిలితేనే పని అయినట్టు అనుకుంటాం. నేను కూడా మొదటి ఏడాదంతా అదే పొరపాటు చేశాను. మా అత్తగారు ఏమీ అనకుండా, నేను కలిపిన ముద్దను తన వేలి కణుపుతో ఒకసారి నొక్కి, అది వెంటనే వెనక్కి ఎగసి రావడం చూసి, ‘ఇది రొట్టెకు బాగుంటుంది’ అని పక్కన పెట్టేవారు. కొలాచీ ముద్దను అదే విధంగా నొక్కితే గుంట నెమ్మదిగా, బద్ధకంగా సగం మాత్రమే పూడాలి. మనవైపు దీనికి దగ్గరి పోలిక చపాతీలో దొరకదు, బొబ్బట్ల తోపుపిండిలో దొరుకుతుంది. నూనెలో నానిన తోపుపిండి పొడి చేతికి జిడ్డుగా అంటుకుంటుంది, నూనె చేతికి అంటుకోకుండా సాగుతుంది. కొలాచీ పిండిముద్ద కూడా అంతే: పొడి వేలికి అంటాలి, వెన్న రాసుకున్న వేలికి అంటకూడదు.

‘పట్టినంత’ అన్న మాటను ఆ రోజుల్లో రాసినవారు బద్ధకంతో రాయలేదు. అప్పటి మైదా మరపట్టిన చోటునుబట్టి, గోధుమ రకాన్నిబట్టి నీటిని వేరువేరుగా పీల్చేది. ఇంటి కోళ్లు పెట్టిన గుడ్లు ఒక్కో వారం ఒక్కో పరిమాణంలో ఉండేవి. పాల చిక్కదనం కూడా మారేది. మారనిది ముద్ద మెత్తదనం ఒక్కటే, అది ఆ అమ్మమ్మగారి చేతికి తెలుసు కాబట్టి చీటీలో రాయవలసిన అవసరం ఆవిడకు కనిపించలేదు. నేను ఈ చిక్కును ఒక చిన్న ఉపాయంతో విప్పుకున్నాను. మా అత్తగారు పిండి కలపడం మొదలుపెట్టకముందు మైదా డబ్బాను తక్కెడ మీద పెట్టి బరువు రాసుకునేదాన్ని, ఆవిడ పని ముగించాక మళ్లీ తూచేదాన్ని. ఆరు శనివారాలు అలా చేశాను. ఒక క్వార్ట్ పాలకు ఆవిడ వాడిన మైదా ఒకసారి 1,480 గ్రాములు, ఒకసారి 1,620 గ్రాములు, మిగిలిన రోజుల్లో ఆ రెండింటి మధ్య ఉండేది. అంటే మీ చీటీలోని ‘పట్టినంత’కు దాదాపు ఒక కిలో 550 గ్రాములని మొదట అనుకుని, దాని నుంచి కొంచెం అటూ ఇటూ జరగవచ్చు. అంత మైదాకు సుమారు 70 కొలాచీలు వస్తాయి.

అభ్యాసానికి ఒకేసారి 70 చేయనక్కరలేదు. చీటీలో నాలుగో వంతు తీసుకోండి. 240 మిల్లీలీటర్ల పాలు, 50 గ్రాముల పందికొవ్వు, 50 గ్రాముల చక్కెర, రెండు పచ్చసొనలు (ఒకటిన్నర అని తూచుకుంటూ కూర్చోవద్దు), ఒక చెంచా ఉప్పు, 380 నుంచి 400 గ్రాముల మైదా సరిపోతాయి, 18 కొలాచీలు వస్తాయి. మీకు పందికొవ్వు వాడడం ఇష్టం లేకపోతే 60 గ్రాముల వెన్న వేయండి. పందికొవ్వు దాదాపు పూర్తిగా కొవ్వే, వెన్నలో ఐదో వంతు వరకు నీరు, పాల పదార్థం ఉంటాయి కాబట్టి ఆ పది గ్రాముల తేడా. టెక్సస్ ఇళ్లలో ఇప్పుడు చాలామంది వెన్నే వాడుతున్నారు. నిజం చెప్పాలంటే వెన్నతో రుచి బాగుంటుంది, పందికొవ్వుతో మెత్తదనం ఒక పూట ఎక్కువ నిలుస్తుంది. నేను సగం సగం వేస్తాను. మైదా విషయంలో బ్రెడ్ కోసం అమ్మే గట్టి పిండి కొనవద్దు, మామూలు ఆల్ పర్పస్ మైదా చాలు.

ఈస్ట్ విషయంలో మీ అయోమయం సహజం. ‘ఒక కేక్’ అంటే రెండు పరిమాణాలు ఉండేవి. చిన్నది 17 గ్రాములు, ఇప్పటి 7 గ్రాముల పొడి ఈస్ట్ పొట్లానికి సమానం. పెద్దది రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు, మూడు పొట్లాలకు పైమాటే. ఒక కిలోన్నర మైదాకు చిన్న కేక్ వేస్తే ముద్ద రాత్రంతా నెమ్మదిగా పొంగుతుంది. పెద్ద కేక్ వేస్తే పొద్దున కలిపి మధ్యాహ్నానికి కాల్చవచ్చు. మీ చీటీ వెనకవైపు ‘ముందు రాత్రి కొంత కలిపి ఉంచాలి’ అన్న అర్థం వచ్చే చెక్ వాక్యం ఉందని రాశారు కాబట్టి ఆ అమ్మమ్మగారు చిన్న కేకే వాడేవారని నాకు అనిపిస్తోంది. మీరు ఒక పొట్లం వేసి రెండు గంటల్లో కాల్చారు, అందుకే పొంగవలసినంత పొంగలేదు, గట్టితనానికి అది రెండో కారణం. నాలుగో వంతు కొలతకు అదే రోజు కాల్చదలచుకుంటే ఐదు గ్రాముల పొడి ఈస్ట్ వేయండి. రాత్రి పద్ధతి కావాలంటే ఒకటిన్నర, రెండు గ్రాములు చాలు: సగం గోరువెచ్చని పాలు, ఒక చెంచా చక్కెర, వంద గ్రాముల మైదా, ఆ ఈస్ట్ జారుగా కలిపి మూత పెట్టి వంటింట్లో ఉంచి, పొద్దున మిగిలినవి చేర్చుకోండి. రాత్రి పద్ధతిలో వచ్చే కమ్మని, కొంచెం పులిసిన వాసన మీ వారికి తప్పకుండా గుర్తుకు వస్తుంది.

ఇప్పుడు కలిపే పద్ధతి. పాలను అంచుల్లో బుడగలు వచ్చేవరకు వేడిచేయండి. పచ్చిపాల కాలం నాటి అలవాటే అయినా ఇప్పటికీ ప్రయోజనం ఉంది, ఎందుకంటే పాలలోని కొన్ని మాంసకృత్తులు ముద్ద సాగే గుణాన్ని బలహీనపరుస్తాయి, వేడి వాటిని మారుస్తుంది. దించిన వెంటనే అందులో కొవ్వు, చక్కెర, ఉప్పు వేసి కరగనివ్వండి, అవి కరిగేసరికి పాలు కూడా చల్లారుతాయి. వేలు పెడితే వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. అప్పుడు పచ్చసొనలు, కొంచెం వెచ్చని పాలలో నానిన ఈస్ట్ కలపండి. మైదాలో 320 గ్రాములు మాత్రమే మొదట వేసి, చేతితో పిసకకుండా, చెక్క గరిటెతో గిన్నె అంచుకు కొడుతూ ఐదారు నిమిషాలు కలియబెట్టండి. జారుగా ఉందని భయపడవద్దు. కాసేపటికి ముద్ద మెరుస్తూ, పైన చిన్న చిన్న పొక్కుల్లాంటి బుడగలతో, గరిటె ఎత్తితే రిబ్బనులా సాగుతుంది. అక్కడ ఆపి, మూత పెట్టి, ఇరవై నిమిషాలు వదిలేయండి.

ఈ ఇరవై నిమిషాల గురించి మా అత్తగారు ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. ఆ సమయానికి ఆవిడ కోళ్లకు మేత వేయడానికి వెళ్లేవారు, అంతే. నేను మొదట్లో అది ఆవిడ పనుల వరుసలో వచ్చే విరామమే అనుకున్నాను. కానీ కోళ్లు లేని రోజుల్లో, వాన పడుతున్నప్పుడు కూడా ఆవిడ గిన్నె మీద గుడ్డ కప్పి కుర్చీలో కూర్చునేవారు. ఆ వ్యవధిలో మైదా తడిని పూర్తిగా పీల్చుకుంటుంది, అంతకుముందు చేతికి జిగటగా తగిలిన ముద్ద తిరిగి వచ్చి చూసేసరికి తనంతట తాను గట్టిపడి ఉంటుంది. మీరు ఆగకుండా కలిపి ఉంటే, ఇంకా పీల్చుకోని తడిని చూసి మైదా చాలలేదని అనుకుని మరో అరకప్పు వేసి ఉంటారు. ఇరవై నిమిషాల తర్వాత 60 గ్రాములు చేర్చి చేతితో ఏడెనిమిది నిమిషాలు మర్దించండి. ఆ తర్వాత ఇంకా కావాలంటే ఒక్కో పెద్ద చెంచాడు మాత్రమే. ముద్ద గిన్నె గోడల నుంచి విడిపోతూ అడుగున మాత్రం కాస్త అంటుకుని ఉన్నప్పుడు ఆపేయాలి. ఆపడం కష్టంగానే ఉంటుంది, కానీ ఆపాలి. ఆ తర్వాత చేతులకు, బల్లకు వెన్నే రాసుకోండి, మైదా చల్లవద్దు. చల్లిన ప్రతి గుప్పెడూ ముద్దలోకే వెళుతుంది.

మొదటి పొంగు రెట్టింపు అయ్యేవరకు ఉంచాలి. గంట నుంచి గంటన్నర పడుతుంది. మా టెక్సస్ ఆగస్టు వంటింట్లో ముప్పావు గంట చాలు, కాబట్టి గడియారం చూడకుండా ముద్దను చూడండి. తర్వాత 44 గ్రాముల చొప్పున ఉండలు చేసి, వెన్న రాసిన ట్రేలో వేలెడు దూరంలో పేర్చండి. కాలేటప్పుడు అవి ఒకదానికొకటి తగులుకోవాలి. అలా తగిలిన పక్కలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. దూరదూరంగా పెడితే చుట్టూ గట్టి తొక్క కడుతుంది, మీ ఫొటోలో నాకు కనిపించింది అదే.

గుంట విషయం మీ ప్రశ్నలో చిన్నదిగా ఉంది, కానీ పొంగిపొర్లడానికి సగం కారణం అక్కడే ఉంది. మీరు ఉండ చేయగానే గుంట నొక్కి, పూర్ణం పెట్టి, ఆ తర్వాత పొంగడానికి వదిలారు. (పండ్ల ముద్దను ఇకమీద పూర్ణం అనే అంటాను, దానికి మనకున్న సరైన మాట అదే.) అలా చేస్తే గుంట అడుగున ఉన్న పిండి లేచి పూర్ణాన్ని పైకి తోస్తుంది, ఓవెన్‌లో వేడి తగలగానే అది అంచు దాటి కారిపోతుంది. ఉండలను వెన్న పూసి ఇరవై ఐదు, ముప్పై నిమిషాలు బాగా పొంగనివ్వండి. అవి దూదిలా ఉబ్బాక రెండు చేతుల చూపుడు, మధ్య వేళ్లతో నడిమి భాగాన్ని ట్రే తగిలేంత వరకు నొక్కి బయటికి జరపండి. అడుగున కాగితమంత పలచని పొర మిగలాలి, చుట్టూ వేలి మందం అంచు నిలబడాలి. మా అత్తగారు బొటనవేళ్లు వాడేవారు కాదు, బొటనవేలు అంచును కూడా అణిచేస్తుందనేవారు. గుంట చేసిన వెంటనే పూర్ణం పెట్టి, పైన పొడి (దాని సంగతి కింద చెబుతాను) చల్లి, మరో పదిహేను నిమిషాలు ఉంచి కాల్చాలి.

కారిపోవడానికి మిగిలిన సగం కారణం పూర్ణమే. బొబ్బట్లకు పూర్ణం జారుగా ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు, ఇక్కడా అదే సూత్రం. చెంచాతో తీసి తలకిందులుగా పట్టుకుంటే రెండు మూడు అంకెలు లెక్కపెట్టే దాకా పడకూడదు. పైగా అది పూర్తిగా చల్లారి ఉండాలి. వెచ్చని పూర్ణం పిండిలోని కొవ్వును కరిగించి అడుగు పొరను పచ్చిగా, జిడ్డుగా మార్చేస్తుంది. ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం ఉత్తమం.

ప్రూన్స్, అంటే ఎండు ప్లమ్ పండ్లు, అన్నిటికంటే తేలిక. మొరావియాలో దీనికి తాజా ప్లమ్ పండ్లను చక్కెర లేకుండా గంటల తరబడి ఉడికించి నల్లటి ముద్ద చేస్తారు, దాన్ని ‘పొవిద్లా’ అంటారు. టెక్సస్ ఇళ్లలో గింజ తీసిన ఎండు పండ్లనే వాడతారు. 450 గ్రాములకు మునిగేలా నీళ్లు పోసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉడికించి, నీరు వంపేసి (ఆ నీరు పారబోయకండి, గట్టిపడితే చెంచాడు కలపడానికి పనికివస్తుంది), పప్పుగుత్తితో మెదిపి, వంద గ్రాముల చక్కెర, దాల్చినచెక్క పొడి, నిమ్మతొక్క తురుము వేసి మళ్లీ స్టవ్ మీద దగ్గరపడే దాకా తిప్పాలి.

ఆప్రికాట్‌కు శ్రద్ధ ఎక్కువ కావాలి, నాకు అన్నిటిలోకీ ఇష్టమైనదీ అదే. హైదరాబాదులో ఖుబానీ మీఠాకు వాడే ఎండు ఆప్రికాట్లు చాలా తియ్యగా ఉంటాయి, టర్కీ నుంచి వచ్చేవి కూడా అలాగే ఉంటాయి. వాటితో చేస్తే కొలాచీ తియ్యగా ఉంటుందేకాని చప్పగా అనిపిస్తుంది. కాలిఫోర్నియా నుంచి సగానికి కోసి ఎండబెట్టినవి వస్తాయి, ముదురు నారింజ రంగులో, నాలుక చివర జివ్వుమనేంత పులుపుగా ఉంటాయి. అవే కావాలి, ఎందుకంటే తియ్యని, వెన్నతో నిండిన పిండికి ఎదురుగా నిలబడేది ఆ పులుపే. రాత్రి నానబెట్టి, ఆ నీటితోనే ఉడికించండి. చక్కెర మాత్రం పండు పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. ముందే వేస్తే తొక్క గట్టిపడిపోయి, ఎంత ఉడికించినా పీచుపీచుగా నాలుకకు తగులుతుంది. ఒకసారి నేను ఇద్దరు పిల్లలతో తొందరలో ఉండి అన్నీ ఒకేసారి గిన్నెలో వేసేశాను. గంటన్నర ఉడికినా ఆ ముక్కలు ముక్కలుగానే మిగిలాయి, మా అత్తగారు వాటిని జల్లెడలో వేసి చెక్క గరిటెతో రుద్ది రుద్ది గుజ్జు తీశారు, చివరికి ఒక చిన్న గిన్నెడు వచ్చింది. ఆ పూట ఆవిడ మణికట్టు నొప్పి పెట్టడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గసగసాల పూర్ణం పండ్ల వర్గంలోకి రాదు కానీ మీ చీటీ చివర ‘మాక్’ అని ఉందన్నారు, చెక్‌లో దాని అర్థం గసగసాలు. మన కుర్మాల్లో వేసే తెల్లవి కాదు, అక్కడివి నీలం బూడిదరంగులో ఉండి, ఘాటుగా, కొంచెం చేదుగా ఉంటాయి. గింజలు గింజలుగా వేస్తే పాలను పీల్చవు, దగ్గరపడవు, కాబట్టి నూరాల్సిందే. చెక్ ఇళ్లలో దీనికోసం బల్లకు బిగించే ప్రత్యేకమైన చిన్న మర ఉంటుంది. అది లేకపోతే దిగులు పడనక్కరలేదు, మన మిక్సీలోని చిన్న పొడి జార్ ఈ పనికి బాగా పనికివస్తుంది: కొంచెం చక్కెర కలిపి, ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. 200 గ్రాముల పొడికి అంతే పాలు, వంద గ్రాముల చక్కెర, ఒక చెంచా తేనె, కాస్త వెన్న. నూరిన పొడి త్వరగా కమురు వాసన పడుతుంది కాబట్టి ఆ రోజుకు కావలసినంతే నూరండి.

జున్నులాంటి ‘త్వారోహ్’ పూర్ణం గురించి మీరు అడగలేదు, కానీ సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అది పులిసిన పాలను సన్నని వేడి మీద విరగ్గొట్టి వడగట్టినది. నిమ్మరసంతో విరగ్గొట్టిన మన పనీర్ దానికి సరిపోదు, రవ్వరవ్వగా పొడిగా మిగులుతుంది. దానికంటే పొడిగా వడకట్టిన కాటేజ్ చీజ్‌ను రాత్రంతా గుడ్డలో కట్టి వేలాడదీసి, ఒక పచ్చసొన, చక్కెర, నిమ్మతొక్క కలపడం మేలు.

పైన చల్లే పొడిని చెక్‌లో ‘పొసిప్కా’ అంటారు, చల్లడం అనే క్రియ నుంచి వచ్చిన మాట. 60 గ్రాముల మైదా, 60 గ్రాముల చక్కెర, 35 గ్రాముల చల్లని వెన్న వేలి కొసలతో నలిపితే రవ్వంత, శనగగింజంత రకరకాల పలుకులు రావాలి. వెన్న కరిగించి వేస్తే ఇసుకలా అయిపోయి కాలాక పెచ్చు కడుతుంది.

‘వేడి ఓవెన్’ అన్న మాటను యథాతథంగా తీసుకుని 425 డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టానని రాశారు. పాత వంట పుస్తకాల్లో ఆ మాటకు 400కు పైబడిన వేడి అనే అర్థం, మీ లెక్క తప్పు కాదు. కానీ కట్టెల పొయ్యి తలుపు తెరవగానే వేడి పడిపోయేది, ఇప్పటి ఓవెన్ పట్టుకున్న వేడిని వదలదు. 375 డిగ్రీలు, అంటే 190 సెల్సియస్, మధ్య అరలో 15 నుంచి 18 నిమిషాలు చాలు. పైన లేత బంగారు రంగు రాగానే తీసేయండి. మీకు కాస్త తక్కువ కాలినట్టు అనిపించే దశే సరైనది. తీసిన ఆ నిమిషంలోనే అంచులకు కరిగించిన వెన్న పూయాలి. వేడి మీద అది లోపలికి ఇంకుతుంది, చల్లారాక పూస్తే పైనే జిడ్డుగా నిలుస్తుంది.

మీ వారి కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే చీటీలో ఇంకా కొన్ని సంగతులు తేటపడతాయి. టెక్సస్‌కు చెక్ వలస 1850ల్లో ఊపందుకుంది. క్యాట్ స్ప్రింగ్‌లో స్థిరపడిన ప్రొటెస్టంట్ బోధకుడు యోసెఫ్ అర్నోష్ట్ బెర్గ్‌మన్ స్వదేశానికి రాసిన ఉత్తరాలు చదివి, యోసెఫ్ లెషికర్ కూడగట్టిన మొదటి పెద్ద బృందం 1851లో బయలుదేరింది, లెషికర్ తానే 1853లో మరో బృందంతో వచ్చాడు. ఆ తర్వాత వచ్చినవారిలో ఎక్కువమంది మొరావియా పల్లెలవారు. వలాషియావారు స్వదేశంలో ‘ఫ్ర్గాల్’ అనే పెద్ద పళ్లెమంత కొలాచ్ చేస్తారు, దాదాపు 30 సెంటీమీటర్ల వెడల్పు, పలచని పిండి, ఎక్కువగా ఎండు పియర్ పండ్ల పూర్ణం. 2013లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. చెక్ దేశపు పడమటి భాగమైన బొహీమియాలో, దాని పడమటి అంచున దొమాజ్లిత్సె చుట్టుపక్కల ఖొద్ ప్రాంతంవారు ఒకే కొలాచ్ మీద గసగసాలు, జున్ను, ప్లమ్ ముద్దలను ముగ్గులా గీతలు గీతలుగా పరుస్తారు. పెళ్లిళ్లకు మాత్రం ఒక్క నోటికి సరిపడే బుల్లి కొలాచ్‌లు చేసి పెళ్లికి ముందే ఇరుగుపొరుగులకు పంచుతారు. ‘కొలొ’ అంటే చక్రం, గుండ్రం. ఒకటైతే కొలాచ్, ఎక్కువైతే కొలాచే. టెక్సస్‌లో ఒకటైనా పదైనా కొలాచీ అనే అలవాటు పడింది. మీ చీటీలో ‘పియర్’ అన్న మాట ఎక్కడైనా కొట్టివేసి ఉంటే, ఆ ఇంటి మూలం వలాషియా అని నేను ధైర్యంగా ఊహిస్తాను.

డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే దారిలో వెస్ట్ ఊరి దగ్గర ఆగి సాసేజ్ పెట్టిన కొలాచీ కొనుక్కునే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మీరూ ఆగే ఉంటారు. సమావేశంలో దాన్ని కొలాచీ అనకండి. సాసేజ్ చుట్టి కాల్చినది ‘క్లొబాస్నిక్’, అది టెక్సస్‌లో పుట్టిన వంటకం, 1950ల్లో వెస్ట్‌లోని విలేజ్ బేకరీలో మొదలైందని అక్కడివారు చెబుతారు. పెద్దవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం, మా అత్తగారికైతే మరీ ముఖ్యం. పండు, గసగసాలు, జున్ను ఉంటేనే ఆవిడ లెక్కలో కొలాచ్.

లవాకా కౌంటీలో మీ వారి పెద్దత్తగారు ఇంకా ఉన్నారని, చేతులు వణుకుతున్నా మాట స్పష్టంగా ఉందని రాశారు. అక్టోబరు వరకు ఆగకుండా ఒక వారాంతం ఆవిడ దగ్గరికి తక్కెడ, పిండి, గిన్నె తీసుకుని వెళ్లండి. ఆవిడను కలపమని అడగకండి, మీరే కలుపుతూ, 380 గ్రాముల దగ్గర ఆపి ఆ ముద్దను ఆవిడ చేతికి ఇవ్వండి. ‘ఇంకొంచెం’ అంటారో, ‘ఎక్కువైంది’ అంటారో చూసి, ఆ బరువు రాసుకోండి. చెక్‌లో ఏదైనా అంటే ఆ మాటను విన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసుకోండి, మన అక్షరాలకు ఆ శబ్దాలు చక్కగా ఒదుగుతాయి. నా పుస్తకం నిండా అలాంటి మాటలే ఉన్నాయి.

ఇక సమావేశానికి ఏర్పాటు. ఎంత మెత్తగా చేసినా కొలాచీ ఆ రోజు తినవలసిన వంటకం, రెండో రోజు సగం బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే మరింత త్వరగా గట్టిపడుతుంది, ఎందుకంటే గంజి పదార్థం బిగుసుకునేది ఆ చలిలోనే. మీరు ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టానన్నారు, అది మూడో కారణం. ముందుగా చేసుకోవాలంటే కాల్చి, చల్లార్చి, అదే రోజు ఫ్రీజర్‌లో పెట్టండి, నెల వరకు చెక్కుచెదరవు. తీసుకెళ్లే రోజు పొద్దున బయట పెట్టి, 300 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో వదులుగా రేకు కప్పి ఎనిమిది నిమిషాలు వెచ్చబెట్టి మళ్లీ కొంచెం వెన్న పూయండి. కాల్చినవాటిని వేడి మీద డబ్బాలో మూత పెడితే ఆవిరికి పొసిప్కా కరిగి ముద్దయిపోతుంది, కాబట్టి చేత్తో అడుగు తాకితే చల్లగా అనిపించేవరకు తీగల జాలీ మీదే ఉంచి, ఆ తర్వాత ఒక్కో వరుస మధ్య వెన్న కాగితం పరిచి సర్దండి.